ట్యాంకులో 61 రోజులు

ఏటా ఏప్రిల్ 15 వచ్చిందంటే తూర్పు తీరంలో మరబోట్లూ మోటారు పడవలూ ఒడ్డెక్కాల్సిందే. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన ఈ వేట నిషేధం ఒకప్పుడు 47 రోజులు ఉండేది. 2015 నుంచి అది జూన్ 14 దాకా, 61 రోజులైంది. నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలో కృష్ణపట్నం వైపు మత్స్యకార పాలేలకు ఇది మరమ్మతుల కాలం. చిరిగిన వలలు అల్లుకుంటారు, ఫైబర్ పగుళ్లకు అతుకులు వేయిస్తారు, రంగులు కొట్టిస్తారు. ఇంజన్‌ను మాత్రం విప్పి ఇంటి మూలన పెట్టడమో, పడవ మీదే ఉంచి పట్టా కప్పడమో చేసి మరిచిపోతారు. చలి దేశాల్లో సరస్సులు గడ్డకట్టే ముందు పడవ ఇంజన్లను శీతకాలానికి సిద్ధం చేయడం పెద్ద తంతు. దానికి వేరే మెకానిక్కులు, వేరే నూనెలు, వేరే బిల్లులు ఉంటాయి. మనకు ఆ చలి లేదు గానీ ఆ పని మాత్రం ఉంది. మండుటెండల్లో, చట్టం చెప్పిన తేదీ నుంచి చట్టం చెప్పిన తేదీ దాకా ఇంజన్ కదలకుండా పడి ఉంటుంది. ఆపైన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు తీరానికి అసలు వానలు, తుపాను హెచ్చరికలు, అప్పుడు మరికొన్నాళ్లు. పంపులో పోసేది మామూలు పెట్రోలుగా ఉన్నన్నాళ్లూ ఇది చిన్న విషయం. ఇప్పుడు పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ కలపడం దేశం తీసుకున్న నిర్ణయమైనప్పుడు, కదలని ఇంజన్‌కు దానివల్ల పడే ఖర్చు ఒక్క మత్స్యకారుడి నెత్తిన రుద్దడం న్యాయం కాదు. వేట ఆపమన్న ప్రభుత్వమే ఆ ఆగిన ఇంజన్‌కు తగిన పెట్రోలు సంగతి కూడా చూడాలి.

ముందే ఒక మాట ఒప్పుకోవాలి. మన తీరంలో పెద్ద బోట్లన్నీ డీజిల్‌వే, చిన్న ఫైబర్ పడవల్లోనూ చాలావాటికి డీజిల్ ఇంజన్లే. ప్రభుత్వం లీటరుకు 9 రూపాయలు ఇస్తున్న రాయితీ కూడా డీజిల్ మీదే. డీజిల్‌లో ఇథనాల్ కలపడం లేదు కాబట్టి, ఇప్పటికి ఈ బాధ పడవ వెనక తగిలించే పెట్రోలు అవుట్‌బోర్డు మోటార్లు వాడేవాళ్లది. కండలేరు ఉప్పుటేరులోనో తీరానికి దగ్గర్లోనో చిన్న పడవ మీద వేట సాగించేవాళ్లు, వాళ్లతో పాటు చెరువుల గట్ల మీద చిన్న పెట్రోలు పంపులు నడిపే రైతులు. సంఖ్యలో తక్కువే, నిజమే. కానీ ఇంజన్ చెడితే రెండో ఇంజన్ లేనివాళ్లు కూడా వీళ్లే. జూన్ 15 తెల్లవారి తాడు లాగితే మోటారు మొరాయిస్తే, రెండు నెలల ఖాళీ తర్వాత దొరికే మొదటి వారం వేట, అంటే మంచి ధర పలికే వేట, చేజారిపోతుంది.

ఇథనాల్ కథ కొత్తదేమీ కాదు. 2003లో తొమ్మిది రాష్ట్రాల్లో 5 శాతంతో మొదలైంది. చాలా ఏళ్లు నత్తనడక నడిచి, 2018 జాతీయ జీవ ఇంధన విధానం తర్వాత వేగం పుంజుకుంది. 2022 జూన్‌కు 10 శాతం అందుకుంది. 2030కి అనుకున్న 20 శాతం లక్ష్యాన్ని 2025కి ముందుకు జరిపారు, అన్నట్టే చేరుకున్నారు. 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో ప్రధాని ఈ 20 శాతం పెట్రోలును, అంటే ఈ20ని, ప్రారంభించినప్పుడు అది కొన్ని పంపుల్లో దొరికే కొత్త సరుకు. రెండేళ్లు తిరిగేసరికి అదే మామూలు పెట్రోలైంది, మామూలు ధరకు వేరేది కావాలన్నా దొరకని స్థితి వచ్చింది. పాత వాహనాల మైలేజీ పడిపోతోందని, రబ్బరు గొట్టాలు పాడవుతున్నాయని 2025 వేసవిలో గొడవ రేగితే కేంద్ర పెట్రోలియం శాఖ పరీక్షల ఫలితాలు ముందుకు తెచ్చింది. కార్బురేటర్ వాహనాలనూ ఫ్యూయల్ ఇంజెక్షన్ వాహనాలనూ లక్ష కిలోమీటర్ల దాకా నడిపి చూశారని, చెప్పుకోదగ్గ తేడా కనబడలేదని అంది. ఆ పరీక్షలను అనుమానించాల్సిన పని లేదు. వాటిని చదవాల్సిన తీరు వేరు, అంతే. లక్ష కిలోమీటర్లు తిరిగే బండి ట్యాంకులో పెట్రోలు వారం నిలవదు. పాతది కాలిపోతూ ఉంటుంది, కొత్తది వచ్చి చేరుతూ ఉంటుంది. పడవ మోటారు పరిస్థితి దీనికి తలకిందులు. అది నడిచినప్పుడు కాదు, ఆగినప్పుడు చెడుతుంది. నడిచే బండి మీద చేసిన పరీక్షకు నిలిచిన ఇంజన్ గురించి చెప్పే శక్తి లేదు.

నిలిచిన ట్యాంకులో ఏం జరుగుతుందో చూద్దాం. మామూలు పెట్రోలుకు నీటితో పొత్తు కుదరదు. నీటిచుక్క పడితే అడుగుకు దిగి అక్కడే ఉంటుంది. ఇథనాల్ అలా కాదు, వానాకాలంలో ఉప్పుడబ్బా చెమ్మగిల్లినట్టు గాలిలోని తేమను పట్టుకుంటుంది. పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు సుమారు అర శాతం నీటిని తనలో కలుపుకోగలదు. అంటే పాతిక లీటర్ల ట్యాంకులో ఒక టీగ్లాసెడు నీళ్లు పడినా పైకి తేడా తెలియదు. ఆ హద్దు దాటిందా, ఇథనాల్ పెట్రోలును వదిలేసి నీటితో కలిసి అడుగున వేరే పొరగా పేరుకుంటుంది. వేడిగా ఉన్నప్పుడు ఎక్కువ నీటిని పట్టి ఉంచిన పెట్రోలే రాత్రి చల్లబడగానే దాన్ని వదిలేస్తుంది కూడా. ఇక్కడ ఈ20ని సమర్థించేవాళ్లు ఒక మాట అంటారు, అది సరైన మాటే: ఇథనాల్ ఎక్కువైతే నీటిని పట్టే శక్తీ ఎక్కువే, కాబట్టి పది శాతం కంటే ఇరవై శాతమే విడిపోవడానికి ఎక్కువ నీరు కావాలి. మూత బిగించిన ట్యాంకులో గాలి తేమ ఒక్కటే రెండు నెలల్లో అంత నీటిని తేలేదన్నది కూడా నిజమే. కానీ పడవ మీద ఉండే ట్యాంకు ఎక్కడుంటుందో, ఎలా ఉంటుందో కూడా ఆలోచించాలి. గాలి ఆడటానికి మూత మీద మర వదులు చేసి ఉంటుంది. అలల తుంపర, పడవ కడిగిన నీళ్లు, మే నెల చివరి గాలివాన, వీటిలో ఏదైనా ఆ మర సందులోంచి దిగుతుంది. దిగింది ఉప్పునీరైతే ఆ అడుగు పొర అల్యూమినియాన్ని తినడం మొదలుపెడుతుంది. ఇథనాల్ ఎక్కువగా ఉన్న పెట్రోలులో పొర విడిపోతే ఆ పొర కూడా పెద్దదే. పెట్రోలు తీసే గొట్టం మూతి ఉండేది సరిగ్గా అక్కడే.

టూ స్ట్రోక్ మోటారైతే ఇంకో ముప్పు. దానికి పెట్రోలులోనే ఆయిల్ కలుపుతారు, మామూలుగా యాభై వంతులకు ఒక వంతు. పొర విడిపోయినప్పుడు ఆయిల్ పైనున్న పెట్రోలుతోనే ఉండిపోతుంది, అడుగున ఉన్న నీరు, ఇథనాల్ పొరలోకి రాదు. మోటారు ఆ అడుగు పొరను పీల్చుకుంటే పిస్టన్‌కు ఆయిల్ అందదు. ఒకటి రెండు నిమిషాల్లో పట్టేసిన పిస్టన్ మరమ్మతు ఖర్చు ఆ ట్యాంకులో ఉన్న పెట్రోలు ఖరీదుకు ఎన్నో రెట్లు. అయినా నిజానికి ఎక్కువ మోటార్లను పాడుచేసేది ట్యాంకు కాదు, కార్బురేటర్ గిన్నె. అందులో మిగిలేది కొన్ని చెంచాల పెట్రోలు. గాలి తగులుతూ నలభై డిగ్రీల ఎండలో ఆ కాస్తా ఆవిరైపోతే చివరికి అడుగున జిగురు మిగులుతుంది. వెంట్రుకవాసి రంధ్రం ఉండే జెట్ పూడిపోవడానికి అది చాలు. పెట్రోలులో ఇథనాల్ లేకపోయినా ఈ జిగురు పట్టేదే, అందులో సందేహం లేదు. ఇథనాల్ దానికి తేమను, లోహానికి పట్టే తెల్లని బూజును జతచేస్తుంది. పాత రబ్బరు గొట్టాలను ఉబ్బించి, ముక్కలు రాల్చి, ఆ చెత్తనూ అదే జెట్ దగ్గరికి పంపుతుంది.

దీనికి చలి దేశాల చేతిపుస్తకాల్లో ఉండే మొదటి సలహా, ట్యాంకును నిండా నింపి, పెట్రోలు చెడకుండా ఒక మందు కలిపి మూయమని. అక్కడ ట్యాంకు పడవలో బిగించి ఉంటుంది, విప్పలేరు. ఖాళీ జాగా ఉంటే చలికి లోపల నీటిబిందువులు పడతాయి. ఆ సలహాను ఉన్నదున్నట్టు ఇక్కడికి తేవడం తెలివితక్కువ పని. లీటరు 100 రూపాయలు దాటిన పెట్రోలును పాతిక లీటర్లు పోసి రెండు నెలలు కదపకుండా ఉంచే స్తోమత ఎవరికుంది? ఉన్నా, మే నెలలో పూరింటి చూరు కింద నిండు పెట్రోలు డబ్బా పెట్టుకోమని చెప్పడం ప్రాణాల మీదికి తేవడమే. పైగా ఆ మందు పెట్రోలు ముదరడాన్ని ఆలస్యం చేస్తుందే గానీ చేరిన నీటిని తీసేయలేదు, విడిపోయిన పొరను మళ్లీ కలపలేదు. మన ట్యాంకులు చేత్తో మోసేవి. కాబట్టి మన పద్ధతి ఖాళీ చేయడమే. ఏప్రిల్ మొదటివారం నుంచి ఏ రోజుకారోజు కావలసినంతే కొనాలి. చివరి వేట అయ్యాక మోటారు అడుగుభాగాన్ని మంచినీళ్ల డ్రమ్ములో ముంచి పది నిమిషాలు నడిపితే లోపలి ఉప్పు పోతుంది. అలా నడుస్తుండగానే పెట్రోలు గొట్టం ఊడదీస్తే, లోపల ఉన్నది కాలిపోయి మోటారు దానంతటదే ఆగుతుంది. తర్వాత కార్బురేటర్ గిన్నె అడుగు మర విప్పి మిగిలిన బొట్టునూ దించాలి. ప్లగ్గు తీసి సిలిండర్‌లో కాస్త టూ స్ట్రోక్ ఆయిల్ వేసి, తాడును నెమ్మదిగా నాలుగైదు సార్లు లాగి మళ్లీ ప్లగ్గు బిగించాలి. గేరు ఆయిల్ కొంచెం దించి చూస్తే, అది పాలరంగులో ఉంటే సీలు పోయి నీళ్లు చేరాయని అర్థం. దాన్ని జూన్ దాకా వాయిదా వేస్తే గేర్లు తుప్పు పడతాయి. ఆయిల్ కలపని పెట్రోలు మిగిలితే బైకులో పోసుకోవచ్చు. మొత్తం ఒక పూట పని. ఆయిల్ తప్ప పైసా ఖర్చు లేదు.

అంత తేలికైతే ప్రభుత్వంతో పనేముంది, మత్స్యకారుడే చేసుకుంటాడు కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఇంజన్ మంచిచెడ్డలు పాలేల్లో వాళ్లకు తెలిసినంతగా ఆఫీసుల్లో తెలియదు. కానీ వాళ్ల అనుభవమంతా పాత పెట్రోలు మీద సంపాదించింది. పాత పెట్రోలు రెండు నెలలు డబ్బాలో ఉన్నా జూన్‌లో కాస్త దగ్గి అంటుకునేది. సరుకు మారిందని ఎవరైనా చెబితేనే కదా అలవాటు మారేది. చెప్పాల్సిన పంపు దగ్గర ఆ మాట లేదు. పెట్రోలులో ఇథనాల్ ఎంతుందో వినియోగదారుకు తెలియాలని, కలపని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలని వేసిన పిటిషన్‌ను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. విధానాన్ని కోర్టులు మార్చనక్కర్లేదన్నది సరే. పంపు మీద ఒక అంకె అంటించడానికి కోర్టు ఆదేశం ఎందుకు? ప్రస్తుతానికి ఎవరికి వారే చూసుకోగల దారి ఒకటుంది. గీతలున్న గాజు గొట్టంలో వంద మిల్లీలీటర్ల పెట్రోలు, పది మిల్లీలీటర్ల నీరు పోసి మూసి కుదిపి ఉంచితే, ఇథనాల్ నీటిలోకి దిగుతుంది. కింది పొర పది నుంచి ఎంత పెరిగిందో దాదాపు అంత ఇథనాల్.

ఇక అసలైన అభ్యంతరం. ఇథనాల్ వల్ల 2014-15 నుంచి దాదాపు 1.44 లక్షల కోట్ల రూపాయల విదేశీ మారకం మిగిలిందని కేంద్రం 2025లో చెప్పింది. చెరకుకు, మొక్కజొన్నకు, నూకలకు కొత్త గిరాకీ వచ్చింది. వరి పండించే నెల్లూరు జిల్లాలో కూర్చుని నూకలకు ధర రావడం తప్పని ఎవరంటారు? గుప్పెడు పడవల కోసం ఇంత పెద్ద పథకాన్ని తప్పుపట్టడమేమిటని ఎవరైనా అంటే, ఇక్కడ పథకాన్ని తప్పుపట్టడం లేదనే జవాబు. బ్రెజిల్ ఇంతకంటే ఎక్కువ శాతమే కలుపుతోంది కదా అన్నది మరో వాదన. బ్రెజిల్ దశాబ్దాలపాటు ఆ దారిలో నడిచింది, ఏ నిష్పత్తికైనా సర్దుకునే ఫ్లెక్స్ ఇంజన్ కార్లు అక్కడ 2003 నుంచే వస్తున్నాయి. మన దగ్గర ఈ20కి తగ్గ భాగాలతో బండ్లు రావడం 2023 ఏప్రిల్ నుంచి. అదీ రోడ్డు మీది బండ్ల సంగతి. యమహా, మెర్క్యురీ వంటి పేరున్న అవుట్‌బోర్డు కంపెనీలు అమెరికాలో ఇచ్చే మాన్యువళ్లలో పది శాతానికి మించిన ఇథనాల్ వాడొద్దనే రాస్తున్నాయి. అక్కడ 15 శాతం ఇథనాల్‌ను 2001, ఆ తర్వాతి మోడల్ కార్లకు అనుమతించినప్పుడు పడవ ఇంజన్లను, మోటారు సైకిళ్లను, చిన్న ఇంజన్లను పక్కన పెట్టారు. పంపుల మీద పడవల్లో పోయవద్దని చీటీ అంటించాలన్నది నియమం. బ్రిటన్ 2021 సెప్టెంబరులో పది శాతానికి మారుతూ, పాత ఇంజన్ల కోసం ఐదు శాతం పెట్రోలును సూపర్ గ్రేడుగా పంపుల్లో ఉంచింది. ఈ దేశాలేవీ ఇథనాల్‌ను వదిలేయలేదు. ఎవరికి అది పనికిరాదో గుర్తించి వాళ్లకు వేరే గొట్టం పెట్టాయి. మన నీతి ఆయోగ్ 2021లో వేసిన దారిపటంలోనూ పాత ఇంజన్లకు మైలేజీ తగ్గుతుందన్న అంచనా ఉంది. ఆ తగ్గుదలను భరించేవాళ్ల గురించిన ఏర్పాటే అమలులో జారిపోయింది.

వేరే గొట్టం పెట్టడం ఖర్చుతో కూడినదే, కానీ అసాధ్యం కాదు. ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ100 పేరుతో అమ్మే 100 ఆక్టేన్ పెట్రోలులో ఇథనాల్ కలపడం లేదు. అంటే కలపకుండా సరఫరా చేసే మార్గం దేశంలో ఉంది. అది కొన్ని నగరాల్లో, ఖరీదైన కార్లకు, లీటరు 160 రూపాయల స్థాయి ధరకు దొరుకుతోంది. విలాసవంతమైన కారుకు దొరికే మినహాయింపు వలవేసే పడవకు దొరకకపోవడం ఏం లెక్క? చేపల రేవుల్లో, మన జిల్లాలో జువ్వలదిన్నె లాంటి చోట, మత్స్యశాఖ లైసెన్సున్న పడవలకు పది శాతానికి మించని పెట్రోలునో, అసలు కలపనిదో పీపాల్లో తెచ్చి మామూలు ధరకే ఇవ్వవచ్చు. ఏడాది పొడవునా కుదరకపోతే నిషేధానికి ముందు పదిహేను రోజులు, తర్వాత పదిహేను రోజులు ఇచ్చినా సగం నష్టం తప్పుతుంది. దొంగదారిన కార్లకు పోతుందన్న భయం ఉంటే, డీజిల్ రాయితీకి ఉన్న నమోదు పద్ధతే దీనికీ వాడవచ్చు. వేట నిషేధ భృతి 4 వేల నుంచి 2019లో 10 వేలకు, 2025లో 20 వేలకు పెరిగింది. మంచిదే. అయితే భృతి కడుపు నింపేది. అందులో సగం జూన్‌లో మెకానిక్ చేతిలో పోస్తే దాన్ని భృతి అనలేం.

పెట్రోలు పడవలు కొన్నే కదా అని తీసిపారేసేవాళ్లు డీజిల్ వైపు కూడా ఒకసారి చూడాలి. జాతీయ విధానంలో 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలన్న లక్ష్యం ఉంది. డీజిల్‌లో ఇథనాల్ కలిపే ప్రయత్నం ఫలించలేదని, ఐసోబ్యూటనాల్ అనే మరో ఆల్కహాల్ మీద ప్రయోగాలు సాగుతున్నాయని కేంద్ర మంత్రి గడ్కరీ 2025లో చెప్పారు. బయోడీజిల్ మామూలు డీజిల్ కంటే ఎక్కువ తేమను పడుతుంది, నిలవ ఉంటే తొందరగా ముదురుతుంది, నీరు చేరిన ట్యాంకు అడుగున సూక్ష్మజీవులు పెరిగి ఫిల్టర్లకు జిడ్డులా అడ్డుపడతాయి. పెట్రోలు డబ్బాను ఖాళీ చేయవచ్చు. మరబోటు లోపల బిగించిన వందల లీటర్ల డీజిల్ ట్యాంకును 61 రోజుల కోసం ఎవరు ఖాళీ చేస్తారు? అప్పుడు ఇది ఉప్పుటేరు పడవల సమస్యగా ఉండదు, కాకినాడ, విశాఖ రేవుల సమస్యవుతుంది.

ఆ రోజు వచ్చేలోపు తెలుసుకోవలసింది తెలుసుకునే వీలు ముత్తుకూరులోనే ఉంది. 1991 నుంచి ఇక్కడ మత్స్య కళాశాల నడుస్తోంది. సముద్రం దగ్గర్లోనే, అవే ఎండలు, అదే ఉప్పుగాలి. ఈ20 పెట్రోలును, ఐదు శాతం బయోడీజిల్ కలిపిన డీజిల్‌ను, ఏమీ కలపని వాటిని వేర్వేరు ట్యాంకుల్లో పోసి, కొన్నింటికి మూత మర బిగించి, కొన్నింటికి పాలెంలో ఉంచినట్టే వదులుగా వదిలి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు పెట్టి చూడాలి. వారం వారం నీటి శాతం కొలవాలి, చివర్లో ప్రతి ట్యాంకులోని ఇంధనంతో మోటారు నడిపి కార్బురేటర్‌నో, డీజిల్‌దైతే ఫిల్టర్‌నో విప్పి చూడాలి. దానికి కావలసింది కొన్ని డబ్బాలు, రెండు పాత మోటార్లు, ఒక ప్రయోగశాల, విద్యార్థుల రెండు నెలల సమయం. మత్స్యశాఖ ఆ ఫలితాన్ని తెలుగులో ఒక పేజీలో వేసి, భృతి డబ్బులు ఖాతాల్లో వేసే రోజునే పాలేల్లో పంచవచ్చు. ఆయిల్ కంపెనీలతో రేవు పంపుల గురించి మాట్లాడటానికి కూర్చునేటప్పుడు అధికారుల చేతిలో ఉండాల్సిన కాగితం కూడా అదే.